మీల్ మేకర్ తింటే మగతనం పోతుందా?

(వార్షిక సమావేశంలో ఆరోగ్య అంశం మీద చేసిన ప్రసంగ పాఠం)



జీతం బకాయిల గురించి, గ్రాట్యుటీ గురించి, పాస్‌పోర్టుల గురించి మాట్లాడాల్సినవాళ్ళు ఇందాకే మాట్లాడారు. మాకు మాత్రం కూర గురించి మాట్లాడమని చెప్పారు. నవ్వకండి. ఈ కూర మూలాన మా క్యాంపులో ఒక మనిషి మూడు నెలల పాటు నిద్రపోలేదు, 400 దిర్హాములు పోగొట్టుకున్నాడు. అందుకే ఒప్పుకున్నాం.

మేమంటే ఎవరనుకుంటున్నారు? సైటు సూపర్‌వైజర్లం, ఫోర్‌మన్లం, ఒకే వంటగది వాడుకునే 12 మందిమి. మేం డాక్టర్లం కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి విమానం ఎక్కినవాళ్ళం. కాబట్టి మేం చెప్పేదాంట్లో మందు చీటీ ఏమీ ఉండదు. మాకొచ్చిన అనుమానాన్ని ఎట్లా తేల్చుకున్నామో, అంతే చెప్తాం. తెలిసిన డాక్టరుగారిని రెండు సెలవు రోజులు కూర్చోబెట్టి అడిగినవి, ఆయన చూపించిన కాగితాల్లో చదువుకున్నవి మీ ముందు పెడతాం.

సంగతి ఇట్లా మొదలైంది. ఒకరోజు రాత్రి వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. "సోయాలో ఆడవాళ్ళ హార్మోను ఉంటుంది. మగవాళ్ళు తింటే ఛాతీ పెరుగుతుంది, పిల్లలు పుట్టరు. గల్ఫ్‌లో ఉన్న మన తమ్ముళ్ళకు పంపండి" అని ఎవరో గొంతు. ఎవరు మాట్లాడారో తెలియదు, ఏ ఊరో తెలియదు. తెల్లారేసరికి క్యాంపు మొత్తం తిరిగింది. వారం తిరక్కుండానే మా వంటగదిలో మీల్ మేకర్ ప్యాకెట్టు ముట్టేవాడు లేడు.

మీకు తెలుసు కదా, మన గదుల్లో మీల్ మేకర్ అంటే ఏంటో. నెలాఖరున కోడికి డబ్బులు చాలవు. చేపకు అంతకన్నా చాలవు. బకాలాలో ఒక ప్యాకెట్టు తెస్తే, ఉల్లిగడ్డ, టమాట, మసాలా వేసి వండితే, నలుగురికి రెండు పూటలు వస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. అది మానేసినవాళ్ళు దాని బదులు ఏం తిన్నారు? గుడ్డు తిన్నారా, పప్పు పెంచారా? లేదు. అన్నం, పచ్చడి, ఖుబూస్, టీ. అదీ మా బాధ.

వాళ్ళలో ఒక తమ్ముడున్నాడు. షట్టరింగ్ కార్పెంటర్. పేరు చెప్పం. పెళ్ళయ్యి రెండేళ్ళు. రెండేళ్ళలో భార్య దగ్గర ఉన్నది మొత్తం 70 రోజులు. పిల్లలు ఇంకా లేరు. ఊర్లో అత్తగారు ఒక మాట, పక్కింటోళ్ళు ఒక మాట. ఈ ఆడియో విన్నాక, తప్పంతా తను తిన్న కూరదే అనుకున్నాడు. ఒకరోజు స్లాబు కింద మా పక్కన కూర్చుని, "అన్నా, నేను నాలుగేండ్ల సంది అదే తింటున్న. నా బతుకు ఖరాబైందా అన్నా?" అని అడిగాడు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, "ఏం కాదులేరా" అన్నాం. ఆ మాట వాడు నమ్మలేదు. నమ్మకపోవడమే సరైంది, ఎందుకంటే మేం తెలుసుకుని చెప్పలేదు.

తర్వాత తెలుసుకున్నాం. వరసగా చెప్తాం వినండి.

ముందు ఆ వస్తువేంటి? సోయా చిక్కుళ్ళ నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో మరలో నెట్టి ముక్కలుగా చేస్తారు. అదే మీల్ మేకర్. ఇది చైనావాళ్ళు కనిపెట్టిన మందు కాదు. మనలో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి వచ్చినవాళ్ళకు సోయా కొత్త కాదు. వానాకాలంలో చేను నిండా అదే కదా. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో దాదాపు 50 గ్రాములు మాంసకృత్తులు ఉంటాయి. మనిషికి ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి రోజుకు 54 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ నానబెట్టి వండితే 15 గ్రాములు వస్తాయి. రెండున్నర గుడ్లతో సమానం. ధర మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు భయం. సోయాలో ఆడ హార్మోను ఉందా?

లేదు. ఉన్నది ఐసోఫ్లేవోన్లు అనే మొక్క పదార్థాలు. వాటి ఆకారం ఈస్ట్రోజన్ అనే హార్మోనుకు కొంచెం దగ్గరగా ఉంటుంది. అందుకే ఆ పేరు పడింది. కానీ మన ఒంట్లో వాటి పని దానితో పోలిస్తే చాలా బలహీనం. మన భాషలో చెప్పాలంటే, ఒక తాళంచెవి ఇంకో తాళంలో దూరినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కదా. దూరడం వేరు, తిరగడం వేరు.

ఇది పోలిక మాత్రమే. పోలికతో నమ్మొద్దు, పరీక్షతో నమ్మాలి. పరీక్షలు జరిగాయి. మగవాళ్ళకు సోయా ఇచ్చి, రక్తంలో టెస్టోస్టెరాన్ కొలిచిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి 2010లో లెక్క తీశారు. తేడా రాలేదు. 2021లో మళ్ళీ కొత్తవి కలిపి 41 పరీక్షల లెక్క తీశారు. అప్పుడూ రాలేదు. మగ హార్మోను తగ్గలేదు, ఆడ హార్మోను పెరగలేదు.

మరి ఆ ఆడియో పూర్తిగా గాల్లోంచి పుట్టిందా? అదీ కాదు. ఇక్కడే జాగ్రత్తగా వినాలి. 2008లో అమెరికా డాక్టర్లు ఒక 60 ఏళ్ళ మనిషి గురించి రాశారు. ఆయనకు ఛాతీ పెరిగింది, నొప్పి వచ్చింది. ఆరా తీస్తే ఆయన రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగుతున్నాడు. మానేశాక తగ్గింది. ఇది నిజంగా జరిగిందే. కానీ రోజుకు 3 లీటర్లు! మనం వారానికి రెండు మూడు సార్లు గిన్నెడు కూర తింటాం. కాంక్రీటులో నీళ్ళు తక్కువైతే కలవదు, ఎక్కువైతే బలం పోతుంది. అట్లాగని నీళ్ళు విషమని ఎవరన్నా అంటారా? ఎంత పోశావు అనే కదా అడుగుతాం. ఆ ఆడియోలో ఆ "ఎంత" అన్న ముక్క కోసేశారు.

అదే 2008లో ఇంకో కాగితం వచ్చింది. అమెరికాలో పిల్లలు కాక ఆసుపత్రికి వచ్చిన జంటల్లోని 99 మంది మగవాళ్ళను చూశారు. సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో వీర్యకణాల సాంద్రత తక్కువ కనిపించింది. ఈ ముక్క పట్టుకునే లోకమంతా పాకింది. కానీ వాళ్ళలో ఎక్కువమంది లావుగా ఉన్నవాళ్ళు, ఒక్క ఆసుపత్రివాళ్ళు, ఏం తిన్నారో గుర్తు చేసుకుని చెప్పినవాళ్ళు. రెండు కలిసి కనపడ్డంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకు సోయా ప్రోటీను ఇచ్చి వీర్యం పరీక్షిస్తే తేడా కనపడలేదు.

సైటులో గోడకు బీట వస్తే మనం ఏం చేస్తాం? సిమెంటు బాగాలేదని అరుస్తామా? ముందు బీట ఏ వైపు పోయింది, కింద పునాది కుంగిందా, క్యూరింగ్ సరిగ్గా చేశారా అని చూస్తాం. ఒక్క క్యూబు ఫెయిలైతే మొత్తం స్లాబు పగలగొట్టం, మిగతా క్యూబులు కూడా చూస్తాం. ఒంటి విషయంలో మాత్రం ఒక్క ఆడియో వింటే చాలు, తీర్పు చెప్పేస్తాం.

మన పక్క గదుల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇండోనేషియా వాళ్ళు ఉంటారు. వాళ్ళు తోక్వా అంటారు, తెంపే అంటారు, అంతా సోయానే. చైనా, జపాన్ వాళ్ళు వందల ఏళ్ళ నుంచి తింటున్నారు. వాళ్ళకు పిల్లలు పుట్టడం లేదా? జపాన్‌లో ఈ రోజు పిల్లలు తక్కువే, కానీ అది లేటు పెళ్ళిళ్ళు, ఇంటి ఖర్చుల మూలాన. వాళ్ళ తాతలు ఇదే తిని ఎక్కువమంది పిల్లలను కన్నారు.

మరి మన తమ్ముడికి పిల్లలు ఎందుకు లేరు? డాక్టరుగారు మొదటి మాటే ఇది అడిగారు: "రెండేళ్ళలో 70 రోజులు కలిసుంటే, అందులో నెలకు ఐదారు రోజులే అవకాశం. దాన్ని సంతానలేమి అని ఎట్లా అంటారు?" ఏడాది పాటు కలిసుండి రాకపోతే అప్పుడు పరీక్షలకు పోవాలి అనేది లెక్క. మన సెలవు లెక్కలో ఆ ఏడాది ఎప్పటికి పూర్తవుతుందో చూసుకోండి. ఇక్కడ తప్పు కూరది కాదు, వీసాది.

నిజంగా వీర్యం మీద ప్రభావం చూపేవి వేరే ఉన్నాయి. సిగరెట్టు, గుట్కా, మందు, షుగరు, వృషణాల దగ్గర నరాల వాపు. ఇంకోటి వేడి. ఆ భాగం ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలనే దేవుడు బయట పెట్టాడు. రోజంతా వేడి దగ్గర పనిచేసేవాళ్ళలో కణాలు తగ్గడం చూశారు. వెల్డింగు చేసేవాళ్ళు, బేకరీలో పొయ్యి దగ్గర ఉండేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోండి. ఇవన్నీ వదిలేసి మీల్ మేకర్‌ను తిడితే మన సమస్య తీరదు.

పరీక్ష చేయించుకోవాలంటే మగవాళ్ళకు ముందు వీర్య పరీక్ష. సూది లేదు, కోత లేదు. కానీ మనవాళ్ళు ఏం చేస్తారు? భార్యను నాలుగు ఆసుపత్రులు తిప్పుతారు, తాము మాత్రం పోరు. ఆ తమ్ముడూ అంతే. పరీక్షకు పోకుండా, ఎవరో చెప్తే మగతనం పెంచే పొడి 400 దిర్హాములు పెట్టి కొన్నాడు. డబ్బా మీద ఆకులు, వేర్లు అని రాసుంది. ఇట్లాంటి పొడుల్లో, మాత్రల్లో లేబుల్ మీద రాయకుండా వయాగ్రా మందు కలుపుతున్నారని అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. చూడండి ఎట్లా జరిగిందో: ప్రమాదం లేని కూరకు భయపడి మానేశాడు, ప్రమాదం ఉన్న పొడిని నమ్మి కొన్నాడు. భయం చేసే పెద్ద నష్టం ఇదే.

ఇప్పుడు అక్కచెల్లెళ్ళ అనుమానం. సోయా తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందా? చైనాలోని షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చి చికిత్స తీసుకున్న 5,042 మంది ఆడవాళ్ళను కొన్నేళ్ళ పాటు గమనించారు. 2009లో ఫలితం చెప్పారు. సోయా ఆహారం ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, చావులు తక్కువగా ఉన్నాయి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కూడా సోయా ఆహారం తినొచ్చనే చెప్తోంది. అయితే ఆహారం వేరు, మందుల షాపులో దొరికే ఐసోఫ్లేవోన్ మాత్రలు వేరు. మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

యూరిక్ యాసిడ్, కీళ్ళ వాపు అని ఇంకొందరు అడిగారు. సింగపూర్‌లో చైనీయుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో కోడి, చేపలు ఎక్కువ తిన్నవాళ్ళలో గౌట్ ఎక్కువ కనిపించింది, సోయా, పప్పులు తిన్నవాళ్ళలో తక్కువ కనిపించింది.

అట్లాగని సోయా అమృతం అని కూడా మేం చెప్పం. ఎక్కువ చేసి పొగిడినవాళ్ళూ ఉన్నారు. 1999లో ఎఫ్‌డీఏ రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీను గుండెకు మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. 2017కు వచ్చేసరికి, ఆధారం మేం అనుకున్నంత గట్టిగా లేదు, ఆ మాట తీసేద్దామని ప్రతిపాదించింది. కాబట్టి తిట్టేవాళ్ళ మాటనే కాదు, పొగిడేవాళ్ళ మాటనూ తూకం వేయాలి.

కొందరు నిజంగానే జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళెవరంటే:

ఒకటి, సోయా పడనివాళ్ళు. తిన్న కాసేపటికి దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం వస్తే అది అలర్జీ. వెంటనే ఆసుపత్రి. వాళ్ళు మళ్ళీ ముట్టుకోవద్దు, బిస్కెట్ల ప్యాకెట్టు మీద కూడా సోయా అని ఉందేమో చదవాలి.

రెండు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు. థైరాయిడ్ బాగున్నవాళ్ళకు, అయోడిన్ ఉప్పు తినేవాళ్ళకు సోయాతో ఇబ్బంది కనపడలేదు. కానీ సోయా ఆ మాత్రను ఒంటికి సరిగ్గా పట్టనివ్వకపోవచ్చు. పొద్దున పరగడుపున మాత్ర వేసుకుని, సోయా కూర మధ్యాహ్నమో రాత్రో తినండి. ఊర్లో మీ ఆవిడ, మీ అమ్మ ఈ మాత్ర వేసుకుంటుంటే ఈ రాత్రే ఫోన్‌లో చెప్పండి.

మూడు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు. మొదటివాళ్ళకు మాంసకృత్తుల కొలత డాక్టరే చెప్పాలి. రెండోవాళ్ళకు సోయాలో ఉండే ఆక్సలేట్ మంచిది కాకపోవచ్చు, అడిగి తినాలి. అయితే ఈ ఎండల దేశంలో మన కిడ్నీలకు పెద్ద శత్రువు సోయా కాదు, నీళ్ళు తాగకపోవడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడి చట్టం చెప్తోంది. ఆ రెండున్నర గంటల్లో నీడన కూర్చుని నీళ్ళు తాగండి, ఫోన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇక కడుపు సంగతి. "మీల్ మేకర్ తిన్న రోజు కడుపు పాడైంది" అని చాలామంది అన్నారు. మేం మా గదిలోనే ఆరా తీశాం. తెల్లవారుజామున 3 గంటలకు వండుతాం. వేడి వేడిగా క్యారేజీలో మూత బిగిస్తాం. అది బస్సులో, తర్వాత సైటులో, 40 డిగ్రీల వేడిలో మధ్యాహ్నం దాకా ఉంటుంది. 32 డిగ్రీలు దాటిన చోట వండిన కూర గంట కంటే ఎక్కువ బయట ఉంచొద్దని ఆహార భద్రతవాళ్ళు చెప్తారు. తొమ్మిది గంటలుంటే కోడి కూరైనా, పప్పైనా, మీల్ మేకరైనా పాడవుతుంది. తప్పు ముక్కది కాదు, మూతది. మా క్యాంపులో అందరం కలిసి అడిగితే సైటు షెడ్డులో ఒక పాత ఫ్రిజ్ పెట్టించారు. అది రాగానే కడుపు నొప్పి కంప్లయింట్లు తగ్గాయి. మీరూ అడగండి. ఒక్కడు అడిగితే వినరు, 20 మంది సంతకాలు పెట్టి అడగండి.

వండే పద్ధతి కూడా చెప్తాం. మరుగుతున్న నీళ్ళల్లో పది నిమిషాలు వేయండి. తర్వాత చల్లనీళ్ళల్లో వేసి గట్టిగా పిండండి. ఆ నీళ్ళు పారబోయండి. వాసన పోతుంది, గ్యాసు తగ్గుతుంది. విప్పిన ప్యాకెట్టు డబ్బాలో బిగించి పెట్టండి. తేమ తగిలి బూజు పట్టినా, ముక్కిన వాసన వచ్చినా వాడకండి. నానబెట్టినవి మిగిలితే మర్నాటికి బయట ఉంచకండి. రోజూ అదే తినమని కూడా మేం చెప్పం. ఒకరోజు పప్పు, ఒకరోజు గుడ్డు, ఒకరోజు మీల్ మేకర్, జీతం వచ్చిన వారం కోడి. పక్కన రెండు ఆకులు, ఒక నిమ్మకాయ ఉండాలి.

చివరిగా, ఇట్లాంటి ఆడియోలు రేపు ఇంకోటి వస్తాయి. ఈసారి సోయా, వచ్చేసారి ఇంకేదో. మేం మా గది తలుపు మీద మూడు ప్రశ్నలు రాసి అంటించాం. చెప్పింది ఎవరు, పేరు ఉందా? ఎంత తింటే అని చెప్పాడా? మానేస్తే దాని బదులు ఏం తినాలో చెప్పాడా? ఈ మూడింటికి జవాబు లేని మెసేజ్ మా గదిలోంచి ఇంకో గదికి పోదు.

ఆ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాం. ఆ మూడు నెలల్లో వాడు బాగా చిక్కిపోయాడు. ఒకరోజు పరంజా మీద కళ్ళు తిరిగాయి. బెల్టు ఉంది కాబట్టి మన మధ్య ఉన్నాడు. కళ్ళు తిరిగింది మీల్ మేకర్ మానినందుకే అని మేం అనం. అట్లా అంటే ఆ ఆడియోవాడికీ మాకూ తేడా ఉండదు. ఆ రోజు వాడు పొద్దున ఏమీ తినలేదు, రాత్రి నిద్రపోలేదు, ఎండ మండుతోంది. కానీ తినకపోవడానికీ, నిద్రపోకపోవడానికీ కారణం భయం అన్నది మాత్రం వాడే చెప్పాడు.

సెలవు మీద ఇంటికి పోయినప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి పోయారు. అక్కడ ఏం తేలిందో అది వాళ్ళ ఇంటి సంగతి, మేం అడగలేదు. తిరిగొచ్చిన మొదటి వారం వాడి వంతు వంట. పొద్దున 3 గంటలకు లేచి చూస్తే పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, పక్కన మీల్ మేకర్ ప్యాకెట్టు విప్పి ఉంది. "ఏందిరా?" అన్నాం. "ఏం లేదన్నా, నెలాఖరు కదా" అన్నాడు.

ఆ రోజు క్యారేజీలు 12 నిండాయి. మీ గదుల్లో కూడా నిండాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాం.